పెళ్లి సీడీలు, డీవీడీలను ఫోనులో, చిన్న ప్లేయర్‌లో చూసుకోవడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ నుంచి గద్వాల దాకా ఎన్నో ఇళ్లలో పెళ్లిళ్లు, ఒడిబియ్యం, కురుమూర్తి జాతర, 2004 కృష్ణా పుష్కరాల వీడియోలు ఇప్పటికీ డిస్కుల్లోనే ఉన్నాయి. వాటిని నడిపే ప్లేయర్లు మాత్రం మూలన పడ్డాయి. చూడాలనుకునే పిల్లలేమో పుణెలోనో, భివండీలోనో, హైదరాబాద్‌లోనో ఉంటున్నారు. ఫోనుకు సరిపడే చిన్న ఫైలు తయారు చేసుకోవడం పెద్ద కష్టం కాదు. అయితే అది రెండో పని. డిస్కులో ఉన్నదంతా ఉన్నది ఉన్నట్టుగా కంప్యూటర్‌లోకి దించుకోవడం మొదటి పని. ఈ వరస తప్పవద్దని పదే పదే చెబుతాను. ఫోను ఫైలు బాగా రాకపోతే రేపు మళ్లీ చేసుకోవచ్చు, డిస్కు రేపు చదువుతుందన్న హామీ లేదు.

మా దగ్గర ఉన్నది వీసీడీయా, డీవీడీయా? చూడటానికి రెండూ ఒకేలా ఉన్నాయి.

కంప్యూటర్‌లో పెట్టి తెరిచి చూడండి. ‘ఎంపెగ్ఏవీ’ అనే ఫోల్డర్, అందులో ‘డాట్’ అని ముగిసే పెద్ద ఫైలు కనిపిస్తే అది వీసీడీ. ‘వీడియో టీఎస్’ అనే ఫోల్డర్, అందులో ‘వీఓబీ’ ఫైళ్లు ఉంటే డీవీడీ. వీసీడీలో బొమ్మ 352×288 చుక్కలు మాత్రమే, ఒక డిస్కులో గంటా ఇరవై నిమిషాలకు మించి పట్టదు. అందుకే అప్పటి పెళ్లిళ్లకు రెండు మూడు సీడీలు ఇచ్చేవారు. డీవీడీలో బొమ్మ 720×576 చుక్కలు, మామూలు డిస్కు 4.7 జీబీ. రెండు రకాలూ ఉంటే ముందు వీసీడీల సంగతి చూడండి. సీడీలో సమాచారం ఉండే పొర పేరు రాసే వైపున, పలుచని పూత కిందే ఉంటుంది. పైన చిన్న గీత పడినా లోపలి పొర ఊడిపోతుంది. డీవీడీలో ఆ పొర రెండు ప్లాస్టిక్ పలకల మధ్య భద్రంగా ఉంటుంది.

మా ల్యాప్‌టాప్‌లో డిస్కు పెట్టే చోటే లేదు. ఏం చేయాలి?

యూఎస్‌బీకి తగిలించే డీవీడీ రైటర్ విడిగా దొరుకుతుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్, మిర్యాలగూడ కంప్యూటర్ దుకాణాల్లో అడగండి. లేకపోతే సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉండనే ఉంది. పాత డెస్క్‌టాప్ మూలన పడి ఉంటే దాన్ని ముందు బాగు చేయించండి. పెద్ద డ్రైవులు కొన్నిసార్లు గీతలు పడిన డిస్కులను సన్నని డ్రైవుల కన్నా బాగా చదువుతాయి. యూఎస్‌బీ రైటర్ తిరగడం మొదలుపెట్టి ఆగిపోతుంటే కరెంటు చాలడం లేదన్నమాట. రెండు యూఎస్‌బీ పిన్నులున్న కేబుల్ వాడండి, లేదా కంప్యూటర్ వెనక వైపు పోర్టుకు తగిలించండి.

వీఓబీ ఫైళ్లను నేరుగా మెమరీ కార్డులోకి కాపీ చేసుకుంటే సరిపోదా?

వీఎల్‌సీ లాంటి ప్లేయర్ ఫోనులో వేసుకుంటే అవి నడుస్తాయి. ఫోనుతో వచ్చిన సొంత ప్లేయర్‌లో చాలావరకు నడవవు, ఎందుకంటే అవి ఎంపెగ్-2 అనే పాత పద్ధతిలో ఉంటాయి. ఇంకో చిక్కు కూడా ఉంది. డీవీడీలో ఒకే వీడియోను ఒక్కో జీబీ చొప్పున ముక్కలు చేసి పెడతారు. మొదటి ముక్క మాత్రమే కాపీ చేసుకుని పెళ్లంతా వచ్చేసిందనుకునేవారు చాలామంది ఉంటారు. తలంబ్రాల మధ్యలో వీడియో తెగిపోయిందంటే కారణం సాధారణంగా ఇదే. సున్నాతో ముగిసే ఫైలు మెనూ, ఒకటి నుంచి మొదలయ్యే అంకెలున్నవన్నీ అసలు వీడియో.

మొదటి పని అన్నారు కదా, పూర్తి కాపీ ఎలా తీయాలి?

డిస్కు మొత్తాన్ని ఒకే ఫైలుగా దించుకోవడాన్ని ఐఎస్ఓ తీయడం అంటారు. విండోస్‌లో ఇమ్‌జ్‌బర్న్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ పని చేస్తుంది. డిస్కు నుంచి ఇమేజ్ ఫైలు చేసే ఎంపిక నొక్కి, ఎక్కడ దాచాలో చూపిస్తే చాలు. మ్యాక్‌లో డిస్క్ యుటిలిటీ ఉంది. తర్వాత ఆ ఐఎస్ఓ మీద రెండుసార్లు నొక్కితే విండోస్ 10, 11లలో అది డిస్కు లాగానే తెరుచుకుంటుంది. మెనూ, భాగాలు, నాణ్యత ఏదీ పోదు. వీసీడీ అయితే డాట్ ఫైలును కాపీ చేసుకున్నా పని జరుగుతుంది. ఆ ఫైలు పేరు చివర ‘డాట్’ బదులు ‘ఎంపీజీ’ అని మారిస్తే చాలా ప్లేయర్లు దాన్ని గుర్తుపడతాయి.

కాపీ అయిందని మెసేజ్ వచ్చింది కదా అని డిస్కును పెట్టెలో వేసేయకండి. మొదట్లో, మధ్యలో, చివర్లో కాసేపు ఆడించి చూడండి. డిస్కును లోపలి అంచు నుంచి బయటి అంచుకు రాస్తారు కాబట్టి వీడియో చివరి భాగం బయటి అంచున ఉంటుంది. వేలి ముద్రలు, గీతలు ఎక్కువగా పడేది అక్కడే. అప్పగింతలు సరిగ్గా వస్తే మిగతాది కూడా వచ్చి ఉంటుందని నమ్మవచ్చు.

ఇప్పుడు ఫోనుకు సరిపడే ఫైలు ఎలా చేసుకోవాలి?

హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడండి. విండోస్, మ్యాక్, లినక్స్ అన్నిటికీ ఉంది, 2003 నుంచి నడుస్తోంది. దాన్ని అసలు వెబ్‌సైట్ నుంచే దించుకోండి. ఇదే పేరుతో ప్రకటనలు అంటించిన నకిలీలు కూడా తిరుగుతుంటాయి.

తెరవగానే ‘సోర్స్’ అడుగుతుంది. మీరు తీసిన ఐఎస్ఓను గానీ, వీడియో టీఎస్ ఫోల్డర్ మొత్తాన్ని గానీ చూపించండి. లోపలున్న వీడియోలను ‘టైటిల్’ పేరుతో, నిడివితో సహా చూపిస్తుంది. అన్నిటికన్నా పొడవైనదే సాధారణంగా పెళ్లి. అరనిమిషం ఉన్నది స్టూడియో వాళ్ల పేరు ఎగిరివచ్చే ముక్క. ‘ప్రీసెట్’ల్లో ఫాస్ట్ 576పీ25 ఎంచుకోండి. మన దేశంలో వీడియో పాల్ పద్ధతిలో, సెకనుకు 25 ఫ్రేములతో ఉంటుంది కాబట్టి ఇదే సరైనది. 480పీ30 అని రాసి ఉన్నది అమెరికా డిస్కుల కోసం. ఫైలు రకం ఎంపీ4, వీడియో హెచ్.264, శబ్దం ఏఏసీ. ఈ మూడూ కలిస్తే ఫోను, ట్యాబ్, టీవీ, కారులోని స్క్రీను దాదాపు అన్నీ ఆడిస్తాయి. హెచ్.265 పెడితే ఫైలు ఇంకా చిన్నదవుతుంది గానీ పాత ఫోన్లు, పాత టీవీలు దాన్ని చూపించలేవు. ఇంట్లో పెద్దవాళ్ల కోసం చేస్తున్నప్పుడు చోటు గురించి పీనాసితనం వద్దు.

నాణ్యత దగ్గర ‘ఆర్ఎఫ్’ అని ఒక అంకె ఉంటుంది. అంకె తగ్గేకొద్దీ బొమ్మ బాగుంటుంది, ఫైలు పెద్దదవుతుంది. డీవీడీ వీడియోకు 18 నుంచి 22 మధ్య పెట్టమని హ్యాండ్‌బ్రేక్ వాళ్లే చెబుతారు. పెళ్లి వీడియోలకు నేను 20 పెడతాను. రాత్రి పందిట్లో లైట్ల వెలుగులో తీసినవైతే 18. చీకటిలో తీసిన బొమ్మలో గరుకు ఎక్కువగా ఉంటుంది, గట్టిగా కుదిస్తే ముఖాలు పూసేసినట్టు అయిపోతాయి.

మొత్తం వీడియో పెట్టే ముందు ఒక నిమిషం ముక్క చేసి ఫోనులో చూసుకోండి. ‘రేంజ్’ దగ్గర సెకన్లు ఎంచుకుంటే సరి.

బరాత్‌లో డ్యాన్సు చేస్తుంటే చేతుల అంచుల దగ్గర సన్నని గీతలు కనిపిస్తున్నాయి. డిస్కు పాడైందా?

పాడవలేదు. పాత టీవీల కోసం ఒక్కో ఫ్రేమును రెండు సగాలుగా తీసేవారు. ఒకటి సరి గీతలు, ఒకటి బేసి గీతలు. మనిషి వేగంగా కదిలితే ఆ రెండు సగాలూ ఒకచోట పడక దువ్వెన పళ్లలా కనిపిస్తాయి. హ్యాండ్‌బ్రేక్‌లో ‘ఫిల్టర్స్’ కింద ‘డీఇంటర్‌లేస్’ ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి. అక్కడే ‘బాబ్’ ఎంచుకుని, ఫ్రేము రేటును కూడా 50కి మారిస్తే కదలిక అప్పట్లో టీవీలో చూసినంత నున్నగా వస్తుంది. కొత్త ఫోనుకైతే అలాగే చేయండి. పాత చిన్న ప్లేయర్లకు 50 ఫ్రేములు భారమవుతాయి. ఐఎస్ఓకు మాత్రం ఇవేవీ చేయకూడదు, ఆ గీతలు అందులో ఉండాల్సిందే.

వీడియోలో అందరూ లావుగా కనిపిస్తున్నారు.

లేదా సన్నగా. డీవీడీలోని చుక్కలు చతురస్రాలు కావు. 720×576 బొమ్మను పాత టీవీ ఆకారంలో చూపితే 768×576, వెడల్పు ఆకారంలో చూపితే 1024×576 అవుతుంది. ఏ ఆకారమో డిస్కులో రాసి ఉంటుంది, హ్యాండ్‌బ్రేక్ దాన్ని చూసి తానే సర్దుకుంటుంది. కొందరు మిక్సింగ్ చేసేటప్పుడు దాన్ని తప్పుగా రాసేశారు. తలంబ్రాల పళ్లెం కనిపించే చోట వీడియో ఆపి చూడండి. పళ్లెం గుండ్రంగా ఉంటే అంతా సరిగ్గా ఉన్నట్టే. కోలగా ఉంటే ‘డైమెన్షన్స్’ దగ్గర ఆకారం మార్చండి.

ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే ఒక చెవిలోనే వినిపిస్తోంది.

కెమెరాకు ఒకటే మైకు తగిలించి తీసినప్పుడు ఇలా అవుతుంది. ‘ఆడియో’లో మిక్స్‌డౌన్ దగ్గర ఎడమ మాత్రమే, కుడి మాత్రమే అనే మోనో ఎంపికలు ఉంటాయి. శబ్దం ఉన్న వైపు ఎంచుకుంటే రెండు చెవుల్లోనూ వస్తుంది.

మా నాన్న దగ్గర పాత ఐపాడ్, చిన్న ఎంపీ5 ప్లేయర్ ఉన్నాయి. వాటిలో వస్తుందా?

2005లో వచ్చిన వీడియో ఐపాడ్ తెర 320×240 చుక్కలు. తర్వాతి ఐపాడ్ క్లాసిక్ 640×480 దాకా, హెచ్.264లో ‘బేస్‌లైన్’ రకాన్ని, ఏఏసీ శబ్దంతో ఆడిస్తుంది. హ్యాండ్‌బ్రేక్‌లో ప్రొఫైల్ ‘బేస్‌లైన్’ అని మార్చి, కొలత తగ్గించి ప్రయత్నించండి. ఎంపీ5 పేరుతో అమ్మిన చవక ప్లేయర్ల సంగతి వేరు. చాలావాటికి ఏవీఐ ఫైలే కావాలి, అదీ చిన్న కొలతలో. ఒక్కోటి ఒక్కోలా ప్రవర్తిస్తుంది కాబట్టి ఒక నిమిషం ముక్కతో పరీక్షించడం తప్ప దారి లేదు. ఫైలు పేరు ఇంగ్లిషు అక్షరాల్లోనే పెట్టండి, తెలుగు పేర్లు వాటిలో ఖాళీ డబ్బాలుగా కనిపిస్తాయి. మెమరీ కార్డు ఫ్యాట్32 పద్ధతిలో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు.

ఫైలు ఎంత పెద్దదవుతుంది?

సెకనుకు 1.5 మెగాబిట్ల వీడియో, 128 కిలోబిట్ల శబ్దం లెక్కన గంటకు సుమారు 730 ఎంబీ. రెండు గంటల పెళ్లికి ఒకటిన్నర జీబీ. ఆర్ఎఫ్ పద్ధతిలో చేస్తే వీడియోను బట్టి ఇంతకు కొంచెం అటూ ఇటూ అవుతుంది.

డిస్కు ఆగి ఆగి వస్తోంది. ఒకచోట బొమ్మ గడులు గడులుగా పగిలిపోతోంది.

ముందు శుభ్రం చేయండి. మెత్తని నూలు గుడ్డను మంచినీళ్లలో తడిపి, మధ్య రంధ్రం దగ్గర నుంచి బయటి అంచుకు నిట్టనిలువుగా తుడవాలి. గుండ్రంగా తుడవకూడదు. డిస్కులో సమాచారం గుండ్రని దారిలో ఉంటుంది. అడ్డంగా పడిన గీత ఆ దారిని ఒక్కచోటే తెంపుతుంది కాబట్టి డ్రైవు సర్దుకోగలదు, దారి వెంట పొడవునా పడిన గీతను తట్టుకోలేదు. వీసీడీ వీడియోలో తప్పులు సరిదిద్దే అదనపు ఏర్పాటు తక్కువ, అందుకే అదే గీతకు డీవీడీ నడిచి వీసీడీ ఆగిపోవచ్చు.

తర్వాత ఇంకో డ్రైవులో పెట్టి చూడండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ చాలా పనిచేస్తుంది. ఒక డ్రైవు ససేమిరా అన్న డిస్కును పక్క ఇంటి కంప్యూటర్ సాఫీగా చదివేయవచ్చు. చదివే వేగం తగ్గించడం కూడా ఉపయోగపడుతుంది.

అప్పటికీ కాకపోతే లినక్స్‌లో డీడీరెస్క్యూ అనే ఉచిత సాధనం ఉంది. బాగున్న భాగాలన్నీ ముందు దించుకుని, పాడైన చోటికి తర్వాత మళ్లీ మళ్లీ వస్తుంది. ఎక్కడెక్కడ ఆగిందో ఒక ఫైలులో రాసుకుంటుంది కాబట్టి నేడు ఒక డ్రైవులో, రేపు ఇంకో డ్రైవులో అదే పనిని కొనసాగించవచ్చు. ఒకే పెళ్లికి అమ్మాయి వాళ్ల దగ్గర ఒక కాపీ, అబ్బాయి వాళ్ల దగ్గర ఒక కాపీ ఉంటుంది కదా. రెండూ ఒకే మూలం నుంచి అచ్చుగా తీసినవైతే ఒకదాని ఖాళీలను రెండోదానితో నింపవచ్చు. అచ్చు ఒకటే కాకపోయినా వియ్యంకుల ఇంట్లో ఉన్న డిస్కు అడిగి చూడకుండా ఆశ వదులుకోవద్దు.

టూత్‌పేస్టు రాస్తే గీతలు పోతాయంటారు, నిజమేనా?

రాయకండి. అది ప్లాస్టిక్‌ను అరగదీస్తుంది. ఒక్కోసారి పనిచేసినట్టు కనిపించినా, ఒకటే ఉన్న పెళ్లి డిస్కు మీద చేసే ప్రయోగం కాదు.

చిన్న డిస్కు పెట్టే కెమెరాతో తీశాం. కంప్యూటర్‌లో పెడితే ఖాళీ అని చూపిస్తోంది.

ఎనిమిది సెంటీమీటర్ల ఆ డిస్కులో 1.4 జీబీ పడుతుంది. తీయడం అయిపోయాక కెమెరాలోనే ‘ఫైనలైజ్’ చేయకపోతే ఇతర యంత్రాలు దాన్ని చదవలేవు. కెమెరా ఇంకా పనిచేస్తుంటే అందులో పెట్టి ఫైనలైజ్ చేయండి. పనిచేయకపోతే ఐసోబస్టర్ లాంటి సాఫ్ట్‌వేర్ అలాంటి డిస్కుల నుంచి కూడా వీడియో బయటికి తీయగలదు. కంప్యూటర్ అడిగిందని ఆ డిస్కును ఫార్మాట్ మాత్రం చేయకండి. పళ్లెం బయటికి రాకుండా సన్నని సందులోంచి మింగే డ్రైవుల్లో ఈ చిన్న డిస్కులు పెట్టకూడదు, లోపలే ఇరుక్కుంటాయి.

చదివింపుల భాగం గంటసేపు ఉంది. అది తీసేసి మిగతాది ఉంచుకోవచ్చా?

ఫోనుకు చేసుకునే కాపీలో తీసేసుకోండి, పూర్తి కాపీలో మాత్రం ఒక్క నిమిషం కూడా ముట్టుకోవద్దు. ఈ ప్రశ్న ఎవరు అడిగినా చదివింపులు ఒకసారి మొదటి నుంచి చూడమని అంటాను.

పెళ్లిలో ముహూర్తం వేళ కెమెరా వధూవరుల మీదే ఉంటుంది. బంధువులంతా వెనక గుంపులో ఉంటారు. ఒక్కొక్కరి ముఖం స్పష్టంగా, ఎదురుగా, నాలుగైదు సెకన్లు కనిపించేది చదివింపుల దగ్గరే. మైకు పట్టుకున్న పెద్దమనిషి ప్రతి ఒక్కరి పేరు, ఊరు, ఇచ్చిన వస్తువు గట్టిగా చదువుతాడు. స్టీలు బిందె, గోడ గడియారం, నూటపదహార్లు. ఆ ముసలాయన ఎవరు, అమ్మకు ఏ వరస, ఏ ఊరివాడు అన్నది ఇప్పుడు ఇంట్లో ఎవరికీ గుర్తులేకపోయినా, మైకులో అది ఉంటుంది. మిక్సింగ్‌లో సినిమా పాటలు వేసి అసలు శబ్దం తీసేసిన భాగాలు చాలా ఉంటాయి. చదివింపుల దగ్గర మాత్రం ఎక్కువమంది మైకు శబ్దాన్ని అలాగే వదిలేశారు. చనిపోయిన తాతల, మేనమామల గొంతులు మీ ఇంట్లో మిగిలింది అక్కడే కావచ్చు.

కొన్ని ఊళ్లు రిజర్వాయర్ల కిందకు పోయాయి. అలాంటి ఊరి పెళ్లి వీడియోలో ఎదురుకోళ్లకు వెళ్లే దారి, వేపచెట్టు, గుడి మెట్లు, పాత ఇంటి అరుగు అన్నీ ఉంటాయి. కెమెరా అతను కావాలని తీసినవి కావు, ఊరేగింపు వెంట నడుస్తూ తీసినవి. ‘బోరింగ్ భాగం’ అని కోసేసేది సరిగ్గా అవే.

ఈ పాత వీడియోను హెచ్‌డీ చేయించవచ్చా?

పెద్దది చేయించవచ్చు, లేని వివరం తేలేరు. కృత్రిమ మేధతో పదును పెట్టే సాఫ్ట్‌వేర్లు ముఖాల్లో లేనివి ఊహించి గీస్తాయి. అమ్మమ్మ ముఖం నున్నగా వస్తుంది గానీ అమ్మమ్మలా ఉండదు. నాణ్యత నిజంగా పెరగాలంటే కెమెరాలో పెట్టి తీసిన అసలు మినీడీవీ టేపు (చిన్న క్యాసెట్) దొరకాలి. వీడియో తీసినవారు మీ ఊళ్లోనే ఉంటే ఒకసారి అడగండి. టేపు దొరికితే గంటకు సుమారు 13 జీబీ చొప్పున, డీవీడీకి ముందున్న నాణ్యత చేతికి వస్తుంది.

వీడియో స్టూడియో వాళ్లు తీశారు. కాపీ చేసుకోవడానికి వాళ్ల అనుమతి కావాలా?

1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనంతవరకు డబ్బిచ్చి తీయించుకున్నవారే అలాంటి వీడియోకు మొదటి హక్కుదారులు. మీ పెళ్లి వీడియో మీదే. అందులో వేసిన సినిమా పాటలు మాత్రం మీవి కావు. బజారులో కొన్న సినిమా డిస్కుల విషయం వేరు. వాటిలో చాలావాటికి కాపీ కాకుండా తాళం వేసి ఉంటుంది, హక్కులకు భంగం కలిగించాలని ఆ తాళం తీయడం నేరమని 2012లో చట్టానికి 65ఏ సెక్షన్ చేర్చారు. ఈ పేజీ ఇంటి వీడియోల గురించి మాత్రమే.

భివండీలో ఉన్న చిన్నమ్మ వాళ్లకు ఎలా పంపాలి?

వాట్సాప్‌లో వీడియోగా పంపితే కుదించి పంపుతుంది, ముఖాలు చెదిరిపోతాయి. ‘డాక్యుమెంట్’గా పంపండి, 2 జీబీ దాకా ఉన్నది ఉన్నట్టు వెళుతుంది. యూట్యూబ్‌లో పెడితే పాటలను యంత్రం పట్టేస్తుంది. కొన్నిసార్లు శబ్దం తీసేస్తుంది, కొన్నిసార్లు వీడియోనే ఆపేస్తుంది. పైగా అందులో మీ ఇంటి ఆడవాళ్లు, పిల్లలే కాదు, ఊరి వాళ్లంతా ఉన్నారు. వాళ్లను అడగకుండా అందరికీ కనిపించేలా పెట్టడం మర్యాద కాదు. దసరాకు వచ్చేవారి చేతికి పెన్‌డ్రైవ్ ఇచ్చి పంపడం ఇప్పటికీ మంచి పద్ధతే.

దుకాణంలో ఇచ్చి చేయించుకుంటే?

నిక్షేపంగా చేయించుకోండి. ఇచ్చేటప్పుడే ఎంపీ4తో పాటు ఐఎస్ఓ కూడా కావాలని, వీడియో మీద దుకాణం పేరు వేయవద్దని, డిస్కులు తిరిగి కావాలని చెప్పండి. ఎన్ని డిస్కులు ఇచ్చారో కాగితం మీద రాయించుకోండి. వీలైతే పని అయ్యేదాకా పక్కనే కూర్చోండి.

అంతా అయ్యాక ఎక్కడ దాచాలి? డిస్కులు పారేయవచ్చా?

పెన్‌డ్రైవ్ పంపడానికే, దాచడానికి కాదు. పూర్తి కాపీలను హార్డ్ డిస్కులో పెట్టి, ఇంకో హార్డ్ డిస్కు వేరే ఊళ్లో అన్న దగ్గరో, అక్క దగ్గరో ఉంచండి. ఏడాదికోసారి తగిలించి తెరిచి చూడండి. ఫైలు పేరులో సంవత్సరం ముందు, ఊరు తర్వాత, వేడుక చివర రాస్తే అన్నీ కాలక్రమంలో కూర్చుంటాయి. వాటి పక్కనే ఒక చిన్న టెక్స్ట్ ఫైలు పెట్టి, ఏ నిమిషంలో ఎవరు కనిపిస్తారో రాయండి. ఇది నానమ్మను పక్కన కూర్చోబెట్టుకుని చేయాల్సిన పని, వాయిదా వేయకండి.

డిస్కులు పారేయకండి. మన ఎండలకు రేకుల ఇంటి సజ్జ మీద, ఇనుప పెట్టెలో ఉంచితే సమాచారం ఉండే రంగు పొర త్వరగా చెడిపోతుంది. ఇంట్లో చల్లగా ఉండే గదిలో, ఎండ తగలని బీరువాలో, ఒక్కోదాన్ని దాని డబ్బాలో నిలబెట్టి ఉంచండి. కాగితం స్టిక్కర్లు అంటించవద్దు, అంటించి ఉన్నవాటిని పీకవద్దు. పేరు రాయాలంటే మధ్య రంధ్రం చుట్టూ ఉన్న పారదర్శకమైన వలయం మీద మెత్తని మార్కర్‌తో రాయండి. అక్కడ సమాచారం ఏదీ ఉండదు.